పోలీస్ అవుతానంటున్నాడు సరే, ఏ పోలీస్?

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఇప్పుడు చదువు ఆపేసి, ఫ్రెండ్స్‌తో కలిసి కానిస్టేబుల్ కోచింగ్‌కి వెళ్తానంటున్నాడు. డిగ్రీ అయ్యాక ఎస్సైకే రాయొచ్చు కదా అని నేనంటున్నాను. వాళ్ల నాన్నేమో అసలు పోలీస్ ఉద్యోగమే వద్దంటున్నారు. ఇంట్లో రోజూ ఇదే టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: డిగ్రీ మాత్రం ఆపనివ్వకండమ్మా. కానిస్టేబుల్‌కి ఇంటర్ చాలన్నది నిజమే. కానీ తెలంగాణలో 2022 నియామకం ఎలా సాగిందో ఒకసారి చూడండి. ఏప్రిల్‌లో నోటిఫికేషన్ వచ్చింది. ఆగస్టులో ప్రిలిమ్స్, ఆ తర్వాత ఈవెంట్స్ (పరుగు, జంప్ లాంటి దేహదారుఢ్య పరీక్షలు), మరుసటి ఏడాది ఏప్రిల్‌లో మెయిన్స్, అక్టోబర్‌లో ఫలితాలు. సెలెక్టయిన పిల్లలు శిక్షణకు వెళ్లేసరికి 2024 ఫిబ్రవరి వచ్చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంకా ఆలస్యం. 2022 నవంబర్‌లో ఇచ్చిన కానిస్టేబుల్ నోటిఫికేషన్‌కి తుది ఫలితాలు 2025 ఆగస్టులో గానీ రాలేదు. ఇంత సమయంలో మీవాడి డిగ్రీ ఎలాగూ అయిపోతుంది. మానేస్తే మిగిలేదేమీ లేదు. కాలేజీకి వెళ్తూనే కానిస్టేబుల్ నోటిఫికేషన్ వస్తే రాయనివ్వండి, డిగ్రీ చేతికొచ్చాక ఎస్సైకి రాయనివ్వండి. సిలబస్ చాలావరకు ఒకటే.

జీతంలో తేడా ఉంది. తెలంగాణ 2022 నోటిఫికేషన్లలో కానిస్టేబుల్ స్కేల్ 24,280తో మొదలైతే ఎస్సైది 42,300తో మొదలైంది. అంతకన్నా పెద్ద తేడా పనిలో ఉంటుంది. ఎస్సై కేసు దర్యాప్తు చేస్తాడు, చాలా స్టేషన్లకు అతనే ఎస్‌హెచ్‌ఓ, అంటే స్టేషన్ ఇన్‌చార్జి. కానిస్టేబుల్‌గా చేరిన మనిషి హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై మెట్లు దాటి అక్కడికి చేరడానికి సర్వీసులో పెద్ద భాగం గడిచిపోతుంది. డ్యూటీ చేస్తూ ఎస్సైకి చదివి కొట్టినవాళ్లూ ఉన్నారు కానీ, బందోబస్తుల మధ్య పుస్తకం పట్టడం ఎంత కష్టమో వాళ్లనే అడగాలి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. పోలీస్ అవుతానని వచ్చే పిల్లల్ని నేను ముందు అడిగేది "ఏ పోలీస్?" అని. చాలామంది తెల్లమొహం వేస్తారు. దరఖాస్తులో సివిల్ (స్టేషన్ పోలీస్), ఏఆర్ (జిల్లా సాయుధ బలగం), స్పెషల్ పోలీస్ బెటాలియన్ (రాష్ట్ర సాయుధ బలగం) ఇలా ప్రాధాన్య క్రమం ఇవ్వాలి. కోచింగ్ హాస్టల్‌లో పక్కవాడిది చూసి నింపేస్తారు. అక్కడ వేసిన అంకెలే తర్వాత ఇరవై ఏళ్లు ఎక్కడ పడుకోవాలో, పండక్కి ఇంటికి రావాలో వద్దో తేలుస్తాయి.

ఈ విభజన ఇవాళ పుట్టింది కాదు. కోస్తా, రాయలసీమ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు అక్కడ 1859లోనే పోలీస్ చట్టం వచ్చింది. 1857 తిరుగుబాటు చూసి బెదిరిన బ్రిటిష్ ప్రభుత్వం 1861లో మరో పోలీస్ చట్టం చేసింది. జనానికి సేవ చేయడం కన్నా జనాన్ని అదుపులో ఉంచడమే దాని ఉద్దేశం. అందుకే ఊళ్లను చూసుకునే స్టేషన్ పోలీసు ఒకవైపు, అవసరమైతే దించడానికి తుపాకులతో సిద్ధంగా ఉండే బలగం మరోవైపు ఏర్పడ్డాయి. మన వైపు నిజాం పాలన. హైదరాబాద్ నగరానికి కొత్వాల్, అంటే నగర పోలీస్ అధిపతి ఉండేవారు. 1920 నుంచి 1934 దాకా ఆ పదవిలో ఉన్న రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పేరే ఇప్పుడు తెలంగాణ పోలీస్ అకాడమీకి ఉంది. మీవాడు ఎస్సై అయితే ఏడాది శిక్షణ అక్కడే. కానిస్టేబుల్‌కి తొమ్మిది నెలలు.

1956లో రెండు ప్రాంతాల పోలీసులూ ఒక్కటయ్యారు, 2014లో మళ్లీ విడిపోయారు. ఆ విభజన బెటాలియన్ల నంబర్లలో ఇంకా కనిపిస్తుంది. యూసుఫ్‌గూడలో ఒకటో బెటాలియన్, మీ దగ్గరి మామునూరులో నాలుగోది, డిచ్‌పల్లిలో ఏడోది. మరి రెండు, మూడు ఏవీ? కర్నూలు, కాకినాడల్లో ఉన్నాయి.

ఇక పని సంగతి. సివిల్ కానిస్టేబుల్ అంటే స్టేషన్ డ్యూటీ. సెంట్రీ, రిసెప్షన్, బ్లూ కోల్ట్స్ బండి మీద గస్తీ, సమన్లు, వారెంట్లు పట్టుకుని తిరగడం, కోర్టు డ్యూటీ. చేతిరాత, కంప్యూటర్ బాగా వస్తే స్టేషన్ రికార్డులు రాసే రైటర్ దగ్గర కూర్చోబెడతారు. కేసు ఎలా కడతారో అక్కడే తెలిసిపోతుంది. 2024 జూలై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత అమల్లోకి వచ్చాయి. ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి రావాలని కొత్త చట్టం అంటోంది. కాబట్టి రాయడం, చదవడం వచ్చినవాడికి స్టేషన్‌లో విలువ పెరుగుతుందే తప్ప తగ్గదు.

ఏఆర్ వాళ్లు జిల్లా కేంద్రంలో ఉంటారు. ఖైదీల ఎస్కార్ట్, గార్డు డ్యూటీలు, వీఐపీ బందోబస్తు వాళ్లవి. బెటాలియన్ వాళ్లకు సొంత ఊరంటూ ఉండదు. మేడారం జాతర అయినా, వేరే రాష్ట్రంలో ఎన్నికలైనా లారీ ఎక్కాల్సిందే. 2024 అక్టోబర్‌లో బెటాలియన్ కానిస్టేబుళ్ల కుటుంబాలు రోడ్డెక్కి, అందరికీ ఒకే విధానం ఉండాలని 'ఏక్ పోలీస్' కావాలన్నది ఇందుకే. అలాగని బెటాలియన్ చెడ్డదని నేననను. ఆటలు, కసరత్తు, గుంపుతో ఉండటం ఇష్టమైన కుర్రాళ్లు అక్కడ హాయిగా ఉంటారు. నక్సల్స్‌ని ఎదుర్కొనే ప్రత్యేక దళం గ్రేహౌండ్స్‌లో పనిచేయాలన్న పట్టుదల ఉన్నవాళ్లకూ ఆ జీవితం సరిపడుతుంది. ఇంటి మీద బెంగ ఉన్నవాడికి, పెద్దవాళ్లను చూసుకోవాల్సినవాడికి మాత్రం కష్టం.

వాళ్ల నాన్నగారి భయంలో న్యాయం ఉంది. సెలవు దొరకదు, ఆదివారం ఉండదు, పైఅధికారి మాట పడాలి, బయట జనం మాటా పడాలి. ఈ మాటలు మీరు చెబితే వాడు వినడు. మీకు తెలిసిన కానిస్టేబుల్ ఎవరైనా ఉంటే నైట్ డ్యూటీ దిగాక ఒక గంట మాట్లాడించండి. అప్పటికీ కావాలంటే వాడికి నిజంగానే కావాలన్నమాట.

కోచింగ్ ఫీజు కట్టేముందు ఎత్తు కొలిపించండి. పోయినసారి జనరల్ పురుష అభ్యర్థులకు 167.6 సెంటీమీటర్లు ఉండాలన్నారు. అర సెంటీమీటరు తగ్గినా ఎవరూ ఏమీ చేయలేరు. 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పరిగెత్తాలి, 4 మీటర్ల లాంగ్ జంప్, 7.26 కిలోల గుండు 6 మీటర్లు విసరాలి. పరుగు ఇవాళే మొదలుపెట్టమనండి, దానికి కోచింగ్ అక్కర్లేదు.

ఇంకో సంగతి వాడిని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పండి. సెలెక్టయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు. మీద ఏదైనా కేసు ఉందా, గతంలో ఉండి కొట్టేశారా అన్నీ రాయాలి. కాలేజీ గొడవలో పేరున్నా, రాజీ అయిపోయినా రాయాల్సిందే. ఎలాగూ స్పెషల్ బ్రాంచ్ వాళ్లు వచ్చి విచారిస్తారు. చిన్న కేసుంటే వివరణ ఇచ్చుకుని గట్టెక్కే దారి ఉంది, దాచి దొరికితే మాత్రం చేతికొచ్చిన ఉద్యోగం పోతుంది. ఇప్పటికే అలాంటిదేదైనా ఉంటే ఎఫ్‌ఐఆర్ కాపీ, కోర్టు ఉత్తర్వు తెచ్చి ఇంట్లో భద్రంగా పెట్టండి.