46వ స్థానం గురించి ఒక ఉత్తరం

తమ్ముడూ,

నీ కథ అందింది, రెండుసార్లు చదివాను. ఇంట్లో అందరూ పడుకున్నాక హాల్లో లైటు ఆర్పేసి లాప్‌టాప్ ముందు కూర్చున్న ఆ మనిషిని బాగా పట్టుకున్నావు. చెవిలో ఒక్క ఇయర్‌ఫోనే పెట్టుకుని, రెండో చెవి పిల్లాడు లేస్తాడేమోనని ఖాళీగా ఉంచుకోవడం నాకు చాలా నచ్చింది. ఇబ్బందల్లా వాడు ఆడే ఆన్‌లైన్ పోకర్ ఆట దగ్గరే వచ్చింది.

నీ హీరోకి బబుల్ దగ్గర, అంటే ఇంకొక్కడు పోతే మిగతా అందరికీ డబ్బు వచ్చే చోట, ఆసు-రాజు వచ్చాయి. అవతలివాడు ఆల్-ఇన్ అన్నాడు, అంటే తన చిప్స్ (పందెం బిళ్లలు) అన్నీ పెట్టేశాడు. మనవాడు కాల్ చేశాడు, అంటే ఆ పందేనికి ఒప్పుకున్నాడు, గెలిచాడు, గంతేశాడు. పోకర్ తెలియని పాఠకుడు చప్పట్లు కొడతాడేమో. నాలుగు టోర్నమెంట్లు ఆడినవాడు మాత్రం కథ అక్కడే పక్కన పెట్టేస్తాడు. ఆ చోట కాల్ చేయాలా వద్దా అన్నది ముక్కలను చూసి తేల్చే విషయం కాదు. టేబుల్ మీద ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో నువ్వు కథలో ఎక్కడా చెప్పలేదు. అది చెప్పకుండా బబుల్ గురించి రాయలేవు.

నీ టోర్నమెంటునే తీసుకుందాం. 300 మంది ఆడుతున్నారు, ప్రవేశ రుసుము 50 డాలర్లు, 45 మందికి డబ్బు వస్తుంది. 45వ స్థానానికి సుమారు 90 డాలర్లు, మొదటి స్థానానికి మూడు వేలకు కాస్త అటూ ఇటూ. 46వ వాడికి ఏమీ రాదు. మూడు నాలుగు గంటలు ఆడి ఉత్త చేతులతో లేచిపోయే ఆ ఒక్క స్థానమే బబుల్. అక్కడ పోగొట్టుకునే చిప్స్ విలువ, గెలుచుకునే చిప్స్ విలువ కంటే ఎక్కువ. నీ దృశ్యమంతా ఈ తేడా మీదే నిలబడాలి.

ఇది ఒట్టి మాటలతో నమ్మకం కలిగే సంగతి కాదు, అందుకని ఒక లెక్క చెబుతాను. నలుగురు మిగిలారు, ముగ్గురికే డబ్బు: 50, 30, 20 డాలర్లు. నలుగురి దగ్గరా చిప్స్ సమానం. అంటే ఒక్కొక్కరి వాటా విలువ 25 డాలర్లు. ఇప్పుడు ఇద్దరు ఆల్-ఇన్‌కి వెళ్లారు. గెలిచినవాడి చిప్స్ రెట్టింపయ్యాయి. మరి వాటా? 50 కాదు, 38.33 మాత్రమే. ఓడినవాడి 25లో మిగిలిన భాగం ఎటు పోయింది? కార్డులు పడేసి చేతులు కట్టుకు కూర్చున్న ఇద్దరికీ చెరో 5.83 చొప్పున చేరింది. 13.33 కోసం 25 పణంగా పెట్టాలంటే, బ్లైండ్స్ (కార్డులు చూడకముందే పెట్టాల్సిన తప్పనిసరి పందేలు) సంగతి పక్కన పెట్టినా, నూటికి 65 సార్లు పైగా గెలవాలి. ఆసు-రాజు ఏ రెండు ముక్కలతోనైనా ఆల్-ఇన్ అనేవాడి మీద గెలిచేది దాదాపు అంతే. అవతలివాడు రాణుల జతతో ఉంటే నూటికి 50 సార్లు కూడా గెలవదు. నీ హీరో ఆ చోట ఆసు-రాజు పడేస్తే పిరికివాడు కాదు, లెక్క తెలిసినవాడు.

చిప్స్‌ని ఇలా డబ్బు విలువలోకి మార్చే పద్ధతిని ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. గుర్రప్పందేల్లాంటి పోటీల్లో ఎవరు ఏ స్థానంలో వస్తారో అంచనా కట్టడానికి హార్విల్ అనే గణాంక శాస్త్రవేత్త 1973లో ఇచ్చిన సూత్రం దీనికి మూలం. 1987లో మేసన్ మాల్మత్ అనే పోకర్ రచయిత అదే సూత్రాన్ని పోకర్ కోసం విడిగా కనుక్కున్నాడు. ఇది నీకోసం చెబుతున్నాను, కథలో పెట్టకు. పెట్టావంటే నీ హీరో ట్యూషన్ చెబుతున్నట్టుంటుంది.

ఒక జాగ్రత్త కూడా ఉంది. నలుగురి లెక్కను 46 మంది మిగిలిన టోర్నమెంటుకు యథాతథంగా అతికించకూడదు. అక్కడ 90 డాలర్లు చిన్న మొత్తం, అసలు డబ్బంతా పైన తొమ్మిది మంది దగ్గర ఉంటుంది. 90 కోసం మంచి ముక్కలన్నీ పడేస్తూ పోతే మూడు వేల దారి మూసుకుపోతుంది. కాబట్టి భయం ఉండాలి, కానీ అందరికీ ఒకే మోతాదులో ఉండకూడదు. సాటిలైట్ టోర్నమెంట్ల సంగతి వేరు. అక్కడ గెలిచిన వాళ్లందరికీ ఒకే బహుమతి, పెద్ద టోర్నమెంటులో ఒక సీటు. చిప్స్ బాగా ఉన్నవాడు ఆసుల జతను కూడా పడేయడం సరైన సందర్భాలు అక్కడ నిజంగానే వస్తాయి. నీ తరవాతి కథకు అది మంచి ముడిసరుకు.

ఇక ఎవరు ఎవరికి భయపడతారో చూద్దాం, కథకుడికి పని దొరికేది ఇక్కడే. అందరికన్నా తక్కువ చిప్స్ ఉన్నవాడు ఎక్కువ భయపడతాడని రాశావు. వాడి దగ్గర నాలుగు బిగ్ బ్లైండ్లున్నాయి (బ్లైండ్స్‌లో పెద్దది బిగ్ బ్లైండ్, చిప్స్‌ని దానితోనే కొలుస్తారు). ఒక్కో చుట్టు తిరిగేసరికి బ్లైండ్స్, యాంటీ అనే మరో తప్పనిసరి పందెం కలిపి సుమారు రెండున్నర బిగ్ బ్లైండ్లు పోతాయి. వాడు ఎలాగూ ఏదో ఒకదానితో తెగించాల్సిందే. నలిగేది మధ్యవాడు, ఇరవై పాతిక బిగ్ బ్లైండ్లున్నవాడు. తనకన్నా చిన్న స్టాకులు (చిప్స్ కుప్పలు) ఇంకా నాలుగున్నాయి, ఊరుకుంటే వాళ్లే ముందు పోతారు. ఆ సంగతి పెద్ద స్టాకువాడికీ తెలుసు. ప్రతి హ్యాండూ, అంటే ముక్కలు పంచిన ప్రతిసారీ, రెయిజ్ చేసి పందెం పెంచుతాడు, మధ్యవాడు ప్రతిసారీ కార్డులు పడేస్తాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. ఇంకో విచిత్రం ఏమిటంటే, చిన్న స్టాకువాడు పోవాలని పెద్దవాడికి తొందరేమీ ఉండదు. వాడు ఉన్నంతసేపే ఈ దోపిడీ సాగుతుంది. అందుకే ఒక్కోసారి చిన్నవాడి ఆల్-ఇన్‌కి కాల్ చేయకుండా కావాలనే వదిలేస్తాడు. ఇక రెండు పెద్ద స్టాకులు ఒకే టేబుల్‌కి వస్తే ఒకదాన్నొకటి తప్పించుకు తిరుగుతాయి. ఒక్క హ్యాండులో తనను ఇంటికి పంపగలిగేది ఆ ఒక్క స్టాకే కదా.

నీ హీరోని ఈ మధ్యవాణ్ని చెయ్యి. కథ దానంతటదే కదులుతుంది.

తెర మీద ఏం కనిపిస్తుందో కూడా రాయి. బబుల్ దగ్గర సగం సమయం హీరో తన కార్డులు చూడడు. లాబీ (టోర్నమెంటు వివరాల పేజీ) తెరిచి, ఎంతమంది మిగిలారో, అడుగున ఉన్న స్టాకులెన్నో చూస్తుంటాడు. 48, 47... అంకె కదలదు. ఎవడో కావాలని టైమ్ బ్యాంక్ (ఆలోచించుకోవడానికి ఇచ్చే అదనపు సమయం) అంతా వాడేస్తూ ప్రతి హ్యాండూ సాగదీస్తుంటాడు. తనకన్నా చిన్నవాళ్లు వేరే టేబుల్ మీద పోవాలని వాడి ఆశ. తరవాత హ్యాండ్-ఫర్-హ్యాండ్ మొదలవుతుంది. అన్ని టేబుళ్లూ అయ్యేదాకా కొత్త హ్యాండ్ రాదు, మిగతా టేబుళ్ల కోసం ఆగమని తెర చెబుతుంది. ఆ ఆగడం నీ కథలో లేదు. నాకైతే అదే అసలు దృశ్యం. ఎదుటివాడి ముఖం కనిపించదు, చేతి వణుకు కనిపించదు, బటన్ నొక్కడానికి ఎంతసేపు తీసుకున్నాడన్నదొక్కటే తెలుస్తుంది. లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్‌లో బబుల్ మీద పోయినవాడికి మరుసటి ఏడాది ప్రవేశం ఉచితంగా ఇచ్చే ఆనవాయితీ ఉంది, చుట్టూ కెమెరాలుంటాయి. ఆన్‌లైన్‌లో ఓ చిన్న పెట్టె తెరుచుకుని నీది 46వ స్థానం అంటుంది, అంతే.

కథాస్థలం మార్చాలి. గచ్చిబౌలి ఫ్లాట్‌లో ఈ ఏడాది జరుగుతున్నట్టు రాశావు. డబ్బు పెట్టి ఆన్‌లైన్‌లో పేకాడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేశాక దేశమంతటికీ అదే మాట. నీ కథ చట్టవిరుద్ధమైన ఆట గురించి కాదు, అలాంటప్పుడు ఆ బరువు దానికెందుకు? మనవాణ్ని న్యూజెర్సీ ఎడిసన్‌కి తీసుకెళ్లు. 2013 నవంబరు నుంచి అక్కడ లైసెన్సుతో ఆన్‌లైన్ పోకర్ నడుస్తోంది, చుట్టూ తెలుగువాళ్లకు కొదవలేదు. 21 ఏళ్లు నిండాలి, ఆడే సమయంలో మనిషి రాష్ట్రం లోపల ఉండాలి. ఉన్నాడో లేదో యాప్ కనిపెడుతూనే ఉంటుంది. మన్‌హట్టన్ ఆఫీసులో కూర్చుని ఆడదామంటే కుదరదు. రైలు హడ్సన్ నది దాటి ఇవతలికి రావాల్సిందే. టోర్నమెంటు మొదలయ్యే వేళకు రైలు ఆలస్యమైతే ఏమవుతుందో నువ్వే ఆలోచించు.

ముగింపు గురించి. గెలుపుతో ముగించకు. బబుల్ పగిలిన, అంటే ఆ 46వవాడు వెళ్లిపోయిన మరుక్షణం, అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన చిన్న స్టాకులన్నీ ఆల్-ఇన్ అంటాయి, పది నిమిషాల్లో చాలామంది వరసగా వెళ్లిపోతారు. మధ్యవాడిని గంటసేపు కార్డులు పడేయించి, 90 డాలర్లు ఖాయమయ్యాక మూడో హ్యాండుకే ఓడించి చూడు. అప్పుడు వాడు పడుకోవడానికి వెళ్తాడా, ఇంకో టోర్నమెంటు తెరుస్తాడా అన్నది నీ ఇష్టం. నేనైతే రెండోదే రాస్తాను, ఆ మనిషి మొదటి పేజీ నుంచీ అలాగే ఉన్నాడు.

ఇంకొకటి. ఎనిమిదో పేజీలో బ్లైండ్స్ 400, 800 అని ఉంది. రెండు పేరాల తరవాత 300, 600 అయ్యాయి. టోర్నమెంటులో బ్లైండ్స్ పెరగడమే గానీ తగ్గడం ఉండదు. అది సరిచేసి, టేబుల్ మీది తొమ్మిది మంది చిప్స్ లెక్క ఒక కాగితం మీద రాసుకుని, కథ మళ్లీ పంపు.

మీ అన్నయ్య