చేసుకోవాలా? చేయించుకోవాలా?

సందేహం: మా ఊరి చరిత్ర రాస్తూ ‘1886 చట్టంతో మన వరంగల్‌లో అందరూ పుట్టుకలు, చావులు, పెళ్లిళ్లు నమోదు చేసుకోవాల్సి వచ్చింది’ అన్నాను. మిత్రుడు ‘చేయించుకోవాల్సి’ అని దిద్దాడు. ఏది సరి? – ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ మిత్రుడి దిద్దుబాటు సబబే. రిజిస్టర్లో రాసేది అధికారి, మనం రాయిస్తాం. మన దగ్గర ‘పట్టా చేయించుకున్నడు’, ‘విరాసత్ (వారసత్వ భూమిని తన పేరిట మార్పించుకోవడం) చేయించుకున్నడు’ అనే అంటారు కదా. ‘ఓటరుగా నమోదు చేసుకోండి’ వంటివి వాడుకలో స్థిరపడ్డాయి, వాటిని తప్పుపట్టను. కానీ చావు దగ్గర ‘చేయించుకోవాల్సి’లోని ‘కొను’ (తనకోసం అనే అర్థమిచ్చేది) అసలు పొసగదు. ఎవరి చావును వారే నమోదు చేయించుకోలేరు! ఇంట్లోవాళ్లు నమోదు చేయిస్తారు, అంతే. పెళ్లికైతే ‘చేయించుకుంటారు’ చక్కగా సరిపోతుంది.

అయితే నన్ను ఆపింది ఆ క్రియ కాదు, ‘అందరూ’, ‘వాల్సి వచ్చింది’ అన్న మాటలు. 1886 నాటి జనన, మరణ, వివాహ నమోదు చట్టంలో జనన మరణాల నమోదు స్వచ్ఛందం. అంటే ‘చేయించాలి’ కాదు, ‘చేయించవచ్చు’. అదీ ప్రధానంగా క్రైస్తవులకు, 1865 వారసత్వ చట్టం వర్తించేవారికి. హిందువులు, ముస్లింలు ఆ వారసత్వ చట్టం పరిధిలోకి వచ్చేవారు కారు. ఇక పెళ్లిళ్ల సంగతికొస్తే, 1872 క్రైస్తవ వివాహ చట్టం, అదే ఏటి ప్రత్యేక వివాహ చట్టం, 1865 పార్సీ వివాహ చట్టం కింద జరిగినవాటి రికార్డుల నకళ్లను జనరల్ రిజిస్ట్రీ ఆఫీసులో భద్రపరిచే ఏర్పాటు మాత్రమే ఈ 1886 చట్టం చేసింది. పందిట్లో పురోహితుడు చేయించిన మామూలు పెళ్లికి దీనితో పనిలేదు.

‘మన వరంగల్‌లో’ అన్నదీ కుదరదు. అప్పుడు వరంగల్ నిజాం రాజ్యంలో ఉంది. బ్రిటిష్ ఇండియా చట్టం నిజాం ప్రజలకు వర్తించదు. అటు మద్రాసు ప్రెసిడెన్సీకి 1899లో వేరే చట్టం వచ్చింది, అదీ ఇక్కడిది కాదు. ఇలాంటిచోట ‘మన’ రాసేముందు ఆ ఏడు ఊరు ఎవరి పాలనలో ఉందో చూసుకోవాలి.

‘వాలి’ అనాలంటే దేశమంతటికీ వర్తించే 1969 జనన మరణాల నమోదు చట్టం దగ్గర అనండి. ఇంట్లో బిడ్డ పుడితే ఇంటి పెద్ద, ఆసుపత్రిలో పుడితే అక్కడి బాధ్యుడైన వైద్యాధికారి సమాచారం ఇవ్వాలి. మామూలు గడువు 21 రోజులు.

మీ వాక్యం ఇలా మార్చుకోండి: ‘1886 చట్టం కింద బ్రిటిష్ ఇండియాలో కొన్ని వర్గాలవారు ఇష్టమైతే తమ ఇళ్లలోని జనన మరణాలు నమోదు చేయించే వీలు కలిగింది, నిజాం ఏలుబడిలోని వరంగల్ ప్రజలకు ఆ చట్టం వర్తించలేదు.’ పెళ్లిళ్ల మాట రాయాలనుకుంటే వేరే వాక్యంలో రాయండి.