24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్‌కు హెవీ డ్యూటీ పనిముట్లు కొనాల్నా, తక్కువ ధరవి సరిపోతయా?

మీరు అడిగింది ఇది: దేవరకొండ దిక్కు ఏడెకరాలు ఉన్నది. అందులో మూడెకరాలు బత్తాయి తోట, రెండెకరాలు ఎర్ర చెలకలో పత్తి, బోరు కింద రెండెకరాలు వరి. కొత్తగా 24 హెచ్‌పీ మినీ ట్రాక్టర్ తీసుకున్నరు. డీలరేమో నాలుగు ఫీట్ల హెవీ డ్యూటీ రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని గుల్ల చేసేది) తీసుకొమ్మంటున్నడు. మీ బాబాయి మాత్రం తక్కువ ధరది చాలు, మిగిలిన పైసలు తోటకు పెట్టుకో అంటున్నడు. ఎవరి మాట వినాలె, మిగిలిన పనిముట్లు ఎట్లాంటివి కొనాలె అని.

మాది గుర్రంపోడు దిక్కు. బత్తాయి, పత్తి, కొంత వరి, అంటే మీ పొలం లాంటిదే. నా దగ్గర ఉన్నది 27 హెచ్‌పీ మినీ ట్రాక్టర్. కొన్నేండ్లుగా దానితోనే సేద్యం. నా లెక్క ఒక్కటే: ఇంజన్‌తో తిరిగే పనిముట్టుకు పైసలు పెట్టండి, వెనక ఈడ్చుకుపోయే పనిముట్టు దగ్గర మిగిలించుకోండి. గొర్రు పండు వంగినా, గుంటుక ఫ్రేము పగిలినా పక్క ఊళ్ళో వెల్డింగ్ షాపుకు తీసుకపోతే పొద్దుగూకే వరకు పని అయిపోతది. రోటవేటర్ గేర్‌బాక్స్‌లో పండ్లు ఊడితే అట్ల కాదు. స్పేర్ కోసం నల్లగొండకో హైదరాబాద్‌కో పోవాలె, అప్పటికి అదును దాటిపోతది. వాన పడి చెలక పదును మీద ఉండేది ఎన్నో రోజులు కాదు, అది మీకు తెలిసిందే.

రోటవేటర్ సంగతి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మీ పైసల్లో ఎక్కువ పోయేది దానికే. ట్రాక్టర్ పీటీఓ, అంటే ఇంజన్ శక్తిని పనిముట్టుకు అందించే వెనక షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరుగుతది. రోటవేటర్ నడిమి గేర్‌బాక్స్ ఆ వేగాన్ని తగ్గించి, పక్కనున్న గేర్లతోనో చెయిన్‌తోనో బ్లేడ్ల షాఫ్టుకు అందిస్తది. మన ఎర్ర చెలకల్లో పలుగురాళ్ళు, మట్టి కింద కనపడని బండ ముక్కలు ఎక్కువ. బ్లేడు రాయికి తగిలితే ఆ దెబ్బ వచ్చిన దారినే వెనక్కి పోతది. షాఫ్టు, పక్క గేరు, నడిమి గేర్‌బాక్స్, ఒక్కోసారి ట్రాక్టర్ పీటీఓ దాకా. దాన్ని మధ్యలో ఆపేందుకే దెబ్బకు తానే విరిగే షియర్ బోల్టో, జారిపోయే స్లిప్ క్లచ్చో పెడ్తరు. తక్కువ ధర మోడల్ అయినా సరే, ఈ రెంటిలో ఒకటి లేకుంటే మన భూములకు తీసుకోవద్దు. షియర్ బోల్టు విరిగితే విరగనీయండి, అది విరిగేందుకే ఉన్నది. మాటిమాటికి విరుగుతున్నదని గట్టి బోల్టు వేస్తరు కొందరు. మా పక్క ఊరి రైతు అట్ల వేసినంక వంద రూపాయల బోల్టు మిగిలింది, గేర్‌బాక్స్ పోయింది.

చెయిన్ డ్రైవ్‌ది ధర తక్కువ. మెత్తటి రేగడిలో, రాయి లేని దుబ్బ నేలలో అది బాగనే పనిచేస్తది. చెయిన్ సాగుతది కాబట్టి బిగువు చూసుకుంట ఉండాలె, అంతే. రాళ్ళ చెలకకు మాత్రం గేర్ డ్రైవే మంచిది. మీకు చెలక ఉన్నది కాబట్టి ఇక్కడ డీలర్ మాట వినండి.

వరి కోసం చూడాల్సింది సీళ్ళు. కరిగట్టు చేసేటప్పుడు బ్లేడ్ల షాఫ్టు రెండు చివర్లు బురద నీళ్ళలోనే తిరుగుతయి. సీల్ నాసిరకమైతే బురద బేరింగ్‌లోకి పోతది, నీళ్ళు ఆయిల్‌లోకి పోతయి. ఆయిల్ పాలలెక్క తెల్లగైతే నీళ్ళు కలిసినట్టే, ఆ రోజే తీసేసి సీల్ మార్పించాలె. అట్లనే నడిపితే గేర్లు తుప్పు పట్టి అరిగిపోతయి. ధర తక్కువైన మోడళ్ళలో నేను చూసిన బలహీనత ఇనుములో కంటే ఈ సీళ్ళ దగ్గరే ఎక్కువ. షాపులో రంగు చూసేకన్నా ముందు, ఈ సీల్ విడిగా దొరుకుతదా, మీ ఊరికి దగ్గర్లో ఎవరి దగ్గర స్టాక్ ఉంటది అని అడగండి. బేరింగ్ నంబరు కూడా అడగండి. అందరి దగ్గర దొరికే నంబరైతే ధైర్యంగా తీసుకోవచ్చు.

బ్లేడ్ల సంగతి. బోరాన్ స్టీల్ బ్లేడు ధర ఎక్కువ, కానీ పలుగురాళ్ళ నేలలో మామూలు బ్లేడు అరిగినంత తొందరగా అరగదు. ఎల్ ఆకారం బ్లేడు గడ్డిని, పత్తి కట్టెను కోసి కలుపుతది. సీ ఆకారంది గట్టి నేలకు, బురద పొలానికి మంచిది. మీకు ఎల్ చాలు. కొన్న తొలి రోజు కొన్ని గంటలు నడిపినంక ఆపి అన్ని బ్లేడ్ల బోల్టులు మళ్ళీ బిగించండి. అరిగినయి మార్చేటప్పుడు ఒక పక్కన కొత్తవి, ఇంకో పక్కన పాతవి వేస్తే షాఫ్టు అదురుతది, ఆ అదురుకు బేరింగ్, సీల్ రెండూ పోతయి.

ఇంతవరకు చెప్పినయన్నీ పైసలు ఎక్కువ పెట్టాల్సిన సంగతులు. కానీ నాలుగు ఫీట్ల హెవీ మోడల్ దగ్గర నేను డీలర్‌తో ఏకీభవించ. మీ ఇంజన్ 24 హెచ్‌పీ, పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అది 20 నుంచి 22 వరకే. ఎండిన చెలకలో నాలుగు ఫీట్ల వెడల్పు దున్నుతుంటే ఇంజన్ గుంజలేక పొగ కొడ్తది, మీరు గేరు తగ్గించుకుంటరు, డీజిల్ మాత్రం తగ్గదు. మీ ట్రాక్టర్ వెనక టైర్ల బయటి అంచు నుంచి బయటి అంచు దాకా టేపు పెట్టి కొలవండి. రోటవేటర్ దానికన్న రెండు పక్కల రెండు మూడు అంగుళాలు ఎక్కువుంటే చాలు, టైరు జాడ చెదిరిపోతది. చాలా మినీ ట్రాక్టర్లకు మూడున్నర ఫీట్లది సరిపోతది.

ఇంకొకటి బరువు. మినీ ట్రాక్టర్ సొంత బరువే చాలా మోడళ్ళలో ఆరేడు వందల నుంచి తొమ్మిది వందల కిలోలు. బ్రోచర్‌లో లిఫ్ట్ 750 కిలోలు అని ఉంటది, దాన్ని చూసి మోసపోవద్దు. ఆ లెక్క కింది లింకుల (పనిముట్టు తగిలించే ఇనుప చేతుల) కొన దగ్గరిది. రోటవేటర్ బరువు అంతకన్న వెనక ఉంటది, వెనక్కి పోయినకొద్ది లిఫ్ట్ శక్తి తగ్గుతది. లిఫ్ట్ లేపినా సరే, ముందు చక్రాలు తేలిపోతే స్టీరింగ్ మాట వినదు. ఒడ్డు ఎక్కేటప్పుడు, వాగు గడ్డ ఎక్కేటప్పుడు ముందు భాగం లేస్తే ప్రాణం మీదికి వస్తది. పనిముట్టు పైకి లేపినప్పుడు ట్రాక్టర్ సొంత బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలె. తెలుసుకోవడం కష్టమేమీ కాదు. వడ్ల లారీలను తూచే వే బ్రిడ్జి మీదికి ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి, రోటవేటర్ లేపి పెట్టి తూకం చూడండి. తక్కువొస్తే ముందు బంపర్‌కు కంపెనీ వెయిట్లు పెట్టించుకోవాలె. ఇనుము ఎక్కువున్న మోడల్ కన్న, గేర్లు, సీళ్ళు, బ్లేడ్లు మంచివుండి బరువు తక్కువున్న మోడల్ మీకు పనికొస్తది. మినీ ట్రాక్టర్ల కోసమే చేసిన మోడళ్ళలో అట్లాంటివి ఉన్నయి, వాటిని అడిగి చూపించుకోండి.

పెద్ద ట్రాక్టర్ల సెకండ్‌హ్యాండ్ రోటవేటర్లు తక్కువకు వస్తయి, వాటి జోలికి పోవద్దు. వాటి పిన్ను 28 మిల్లీమీటర్ల కేటగిరీ-2ది, మీ లింకుల బెజ్జం 22 మిల్లీమీటర్ల కేటగిరీ-1ది. పిన్ను మార్చి తగిలించొచ్చు, కానీ ఐదు ఫీట్ల బరువును మోసేది మీ ట్రాక్టరే కదా.

తోట గురించి అన్నిటికన్న గట్టిగ చెప్పాల్సింది ఉన్నది. బత్తాయి ఆహారం తీసుకునే సన్న వేర్లు నేల పైపొరల్లోనే, ఎక్కువ భాగం మొదటి రెండు ఫీట్ల లోపే ఉంటయి. లోతుగ దున్నితే అవి తెగుతయి, తెగిన దగ్గర వేరుకుళ్ళు, బంక తెగులు పట్టుకునే దారి ఏర్పడ్తది. మన నల్లగొండ జిల్లాలో ఎన్ని తోటలు ఎండిపోయినయో మీరూ చూసే ఉంటరు. తోటలో మూడు నాలుగు అంగుళాలు మించి దింపవద్దు, పాదుల్లోకి అసలే పోనీయవద్దు. బత్తాయిలో కలుపు తీసేందుకు బరువైన యంత్రంతో పనే లేదు. పైసలు ఉంటే సైడ్ షిఫ్ట్ ఉన్నది తీసుకోండి. రోటవేటర్‌ను ఒక పక్కకు జరుపుకోవచ్చు, ట్రాక్టర్ సాలు నడుమ నుంచి పోతుంటే అది కొమ్మల కింది కలుపును అందుకుంటది. హెవీ మోడల్‌కు పెట్టే పైసలు దీనికి పెట్టండి.

పత్తి చెలకకు కల్టివేటర్. మీ ట్రాక్టర్‌కు ఐదు పండ్లది చాలు, లోకల్‌గా చేసిందే తీసుకోండి. ఒక్క షరతు, పండ్లకు స్ప్రింగులు ఉండాలె. రాయి తగిలినప్పుడు స్ప్రింగున్న పండు వెనక్కి లేచి దాటిపోతది, స్ప్రింగు లేనిది వంగుతది లేదా ఫ్రేమును వంచుతది. రేగడి రైతులకు స్ప్రింగు అవసరం అంతగా ఉండదు. కల్వకుర్తి దిక్కున్న మా బామ్మర్ది స్ప్రింగు లేనిదే ఏండ్ల నుంచి వాడుతున్నడు, ఏ ఇబ్బందీ లేదు. కర్రులు రెండు కొనలవి తీసుకుంటే ఒక కొన అరిగినంక తిప్పి వేసుకోవచ్చు. గుంటుక, దంతె, చదును చేసే బ్లేడు, ఇవన్నీ వెల్డింగ్ షాపులో చేయించుకునేవే, మీ పత్తి సాళ్ళ వెడల్పుకు తగ్గట్టు కొలత ఇచ్చి చేయించుకుంటే కంపెనీ దానికన్న బాగుంటయి.

మట్టిని లోతుగ తిరగేసే ఎంబీ నాగలి కొనకండి. రోటవేటర్ ఏటా అదే లోతులో తిరిగితే కింద పొర గట్టిపడి వాననీళ్ళు ఇంకవు, నిజమే. దానికి రెండు మూడేండ్లకు ఒకసారి ఎండకాలంలో 50 హెచ్‌పీ ట్రాక్టర్‌ను కిరాయికి పిలిచి చెలకను లోతు దుక్కి చేయించండి. మినీ ట్రాక్టర్‌తో ఆ పని చేయిస్తే క్లచ్చి ఖర్చే నాగలి ధరంత అయితది. తోటలో మాత్రం ఆ దుక్కి వద్దు.

బత్తాయికి మందు కొట్టే స్ప్రేయర్ కూడా తిరిగేదే, పంపు మంచిది తీసుకోండి. లింకులకు తగిలించే 400 లీటర్ల ట్యాంకు వద్దు. నీళ్ళే 400 కిలోలు, ట్యాంకు, పంపు అదనం. ఆ బరువంతా ట్రాక్టర్ తోక మీదనే. కింద చక్రాలుండి వెనక వచ్చేది తీసుకోండి, లేదా 200 లీటర్ల దానితో సరిపెట్టుకోండి.

కిరాయికి తోలి రోటవేటర్ ఖర్చు రాబట్టుకుందామని కూడా రాసినరు. చెలకల్లో మీరు పెద్ద ట్రాక్టర్లతో పోటీ పడలేరు, వాళ్ళు గంటలో చేసేది మీకు రెండు గంటలు. కిరాయి వచ్చేది పెద్ద ట్రాక్టర్ దూరలేని తోటల్లో. చుట్టుపక్కల బత్తాయి, మామిడి, కూరగాయల రైతులు ఉంటే గేర్ డ్రైవ్, సైడ్ షిఫ్ట్‌కు పెట్టిన పైసలు వస్తయి. లేకుంటే ఆ లెక్క వేసుకోకండి.

సబ్సిడీ గురించి మీ రైతు వేదికలో ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) కలవండి. కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద పనిముట్లకు ఎస్సీ, ఎస్టీ, మహిళా, సన్నచిన్నకారు రైతులకు 50 శాతం, మిగిలినవారికి 40 శాతం, ఒక పరిమితి వరకు ఇస్తరు. పట్టా అమ్మ పేరు మీదనో ఇంటామె పేరు మీదనో ఉంటే వాళ్ళ పేరుతోనే దరఖాస్తు పెట్టండి. సబ్సిడీ లిస్టులో ఉన్నదని కళ్ళు మూసుకుని తీసుకోవద్దు, టెస్ట్ రిపోర్టు అడగండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ యంత్రాల పరీక్ష సంస్థ ఉన్నది, అట్లాంటి చోట చేసిన రిపోర్టులో బ్లేడ్ల గట్టిదనం, అరుగుదల రాసి ఉంటయి. బిల్లు కూడా చూసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యవసాయ యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, పాత రేటు చెప్తే ఒప్పుకోవద్దు.

పీటీఓ షాఫ్టు మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటది, అడ్డమని తీసేయకండి. లుంగీ అంచో, కూలీకి వచ్చిన ఆడవాళ్ళ కొంగో చుట్టుకుంటే చేతితో గుంజే టైం ఉండదు. షాఫ్టు పొడవు కూడా మీ ట్రాక్టర్‌కు తగ్గట్టు డీలర్ దగ్గరే కోయించుకోండి. ఎక్కువ పొడవుంటే లిఫ్ట్ లేపినప్పుడు రెండు దిక్కులా నెట్టి బేరింగులు పగులుతయి.

మీ స్థానంలో నేనైతే వానకాలం కంటే ముందు గేర్ డ్రైవ్ ఉన్న మూడున్నర ఫీట్ల మినీ రోటవేటర్, లోకల్ స్ప్రింగు కల్టివేటర్ తీసుకుంట. పైసలిచ్చే ముందు డీలర్‌ను మీ చెలకకు పిలిచి, రాళ్ళు ఎక్కువున్న మూలనే డెమో చేయించండి. స్ప్రేయర్ తోట కాత పట్టినంక చూసుకోవచ్చు. ట్రాలీ ఈ ఏడాదికి కిరాయికే పిలుచుకోండి.