నల్ల షీటు కప్పినా వంగ ఎందుకు వడలింది?

ప్రశ్న: మాకు అరెకరం ఎర్రనేల ఉంది. మూడేళ్లుగా వంగ, టమాట మార్చి మార్చి వేస్తున్నాం. కాపు మొదలయ్యే వేళకి మొక్క పచ్చగా ఉండగానే వాలిపోయి, నాలుగైదు రోజుల్లో చచ్చిపోతోంది. నారుమడిలోనూ మొలకలు పడిపోతున్నాయి. ఎవరో చెబితే కిందటి మే నెలలో మల్చింగ్‌కి వాడగా మిగిలిన నల్ల షీటు పదిహేను రోజులు కప్పాం. లాభం లేకపోయింది. షాపులో ఫార్మలిన్ పొయ్యమంటున్నారు. మందు లేకుండా నేలని బాగుచేసుకునే దారి ఉందా?
– ఓ రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: ఉందండి. ఫార్మలిన్ జోలికి వెళ్లకండి, దాని ఆవిరి మీ కళ్లకీ ఊపిరితిత్తులకీ చేటు. అయితే ముందు రోగం ఏదో తేలాలి. పచ్చగా ఉండగానే వాలిపోవడం చూస్తే బ్యాక్టీరియా ఎండుతెగులు అనిపిస్తోంది. ఇంట్లోనే తేల్చుకోవచ్చు. వాలిన మొక్క కాండాన్ని నేలకి దగ్గరగా కోసి, మూడంగుళాల ముక్క తీసుకోండి. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, ముక్క కింది కొస నీళ్లలో మునిగేలా కదపకుండా పట్టుకోండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నని దారం కిందికి జారితే అదే తెగులు. దారం రాకపోతే వేర్లు కడిగి చూడండి. ముడులు ముడులుగా ఉబ్బి ఉంటే నులిపురుగులు, అంటే వేర్లలో చేరే, కంటికి ఆనని సన్న పురుగులు. చాలా పొలాల్లో రెండూ కలిసే ఉంటాయి. నులిపురుగు వేరుకి చేసిన గాయంలోంచి బ్యాక్టీరియా లోపలికి వెళుతుంది.

ఇక మీ షీటు సంగతి. షీటు కప్పేది ఎండ వేడిని మట్టిలో పట్టి ఉంచి, అందులోని రోగక్రిముల్ని చంపడానికి. నల్ల షీటు ఎండని తానే పీల్చుకుని తాను కాలుతుంది, నేలకి అంత వేడి అందనివ్వదు. దీనికి కావలసింది అవతలిది కనిపించే తేట పాలిథిన్, 25 మైక్రాన్లు, అంటే షాపులో 100 గేజి. సెంటు నేలకి కిలో పైచిలుకు పడుతుంది. పదిహేను రోజులూ చాలవు. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచాలి.

ముందు మట్టి గడ్డలు లేకుండా మెత్తగా దున్ని, చదును చేసి, బాగా తడపండి. తడి తప్పనిసరి. నానిన శనగలు తొందరగా ఉడికినట్టే, తడి మట్టిలో మేల్కొన్న శిలీంధ్రాలు, కలుపు గింజలు వేడికి తొందరగా చస్తాయి. పైగా తడి మట్టి వేడిని లోపలికి తీసుకెళుతుంది. షీటు నేలకి అంటుకునేలా పరిచి, అంచుల్ని చాళ్లలో పెట్టి మట్టితో పూడ్చండి. కుక్కలో మేకలో తొక్కి చిల్లు పడితే వెంటనే టేపు అంటించండి. మంచి ఎండ కాస్తే పై రెండంగుళాల్లో 45 నుంచి 50 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. లోతుకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. అందుకే షీటు తీశాక నాగలి పెట్టకండి. పెడితే అడుగు మట్టిలోని రోగం మళ్లీ పైకి వస్తుంది. గొర్రుతో పైపైన గీసి నాటుకోండి.

ఇక్కడో మాట దాచకుండా చెప్పాలి. మన తీరంలో గాలిలో తేమ ఎక్కువ, మే నెలలో మబ్బులూ ఉరుముల వానలూ మామూలే. రాయలసీమలో వచ్చినంత ఫలితం ఇక్కడ ఎండ ఒక్కదానితో రాదు. నారుకుళ్లు (మీ నారుమడిలో మొలకలు పడిపోయే తెగులు), కలుపు బాగా తగ్గుతాయి, నులిపురుగులు కొంత తగ్గుతాయి. ఎండుతెగులు బ్యాక్టీరియా మాత్రం లోతులో మిగిలిపోతుంది. మీకు నేను గట్టిగా చెప్పేది తవుడు పద్ధతి. జపాన్‌లో కూరగాయల రైతుల కోసం వచ్చింది. చదరపు మీటరుకి కిలో చొప్పున తవుడు (ఊక కాదు, తవుడే) ఆరంగుళాల లోతు మట్టిలో కలిపి, నీళ్లు నిండుగా పెట్టి, అదే రోజు షీటు కప్పేయాలి. తవుడు తింటూ సూక్ష్మజీవులు మట్టిలోని ఆక్సిజన్‌ని వాడేస్తాయి. గాలి లేకుండా బతికే రకాలు పెరిగి ఆమ్లాలు విడుదల చేస్తాయి. వాటికి తెగులు క్రిములు తట్టుకోలేవు. మూడు వారాలు చాలు, మాడే ఎండ అక్కర్లేదు.

పని జరుగుతోందా అన్నది ముక్కే చెబుతుంది. వారం తర్వాత అంచు కాస్త ఎత్తితే మురుగు వాసన రావాలి. రాలేదంటే తడి చాల్లేదు, లేదా షీటు ఎక్కడో చిరిగింది. ఎర్రనేలలో నీళ్లు తొందరగా ఇంకిపోతాయి కనుక షీటు కింద డ్రిప్ పైపు వేసుకుంటే మళ్లీ తడపవచ్చు. షీటు తీశాక పది రోజులు ఆరబెట్టి, అప్పుడే నాటండి.

సెంటుకి 40 కిలోల తవుడు అవుతుంది. అరెకరానికంటే రెండు టన్నులు! అంత పెట్టమని నేను చెప్పను. నారుమడికీ, మొక్కలు ఎక్కువగా చచ్చిన ఆ నాలుగైదు సెంట్లకీ చేయండి. ఏప్రిల్ ఆఖరున మొదలుపెడితే జూన్ వానల ముందే నారు పోసుకోవచ్చు.

మిగతా పొలంలో ఈ ఏడు వంగ, టమాట, మిరప వద్దు, మూడూ ఒకే కుటుంబం. చోడి (రాగి) గాని మొక్కజొన్న గాని వేయండి. నులిపురుగులే ఎక్కువని తేలితే బంతి వేయండి, పక్కనే ఆనందపురం పూల మార్కెట్ ఉంది కదా. బంతితో ఎండుతెగులు మాత్రం పోదు. వంగ మానలేమంటే ఉస్తి (వంగ జాతి అడవి మొక్క) వేరు మీద అంటుకట్టిన నారు కొనుక్కోండి, అంటు మట్టిలో పూడకుండా నాటండి.

ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాల్ని అణిచే మేలు శిలీంధ్రం) వేసేది షీటు తీశాకే, ముందు వేస్తే అదీ దెబ్బతింటుంది. రెండు కిలోల పొడిని 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడలో వారం పది రోజులు తడి ఆరకుండా ఉంచి వేయండి. ఎకరానికి లెక్క ఇది, మీకు సగం చాలు. వాలిన మొక్కని వేరుమట్టితో సహా గోనెసంచిలో వేసి బయటకి తీసుకెళ్లండి. కాలవ గట్టున పడేస్తే ఆ నీళ్లతోనే రోగం కింది మడికి దిగుతుంది.