గేజ్‌లో 12 చూపించినా నాజిల్ దగ్గర 12 రాకపోవచ్చు

టిగ్ వెల్డింగ్‌కి (కరెంటు ఆర్క్‌తో లోహాన్ని కరిగించి అతికేటప్పుడు గాలి తగలకుండా ఆర్గాన్ గ్యాస్ కప్పే పద్ధతి) ఆర్గాన్ సిలిండర్ మీద రెండు గేజ్‌ల రెగ్యులేటర్ ఉండగా మళ్లీ గ్యాస్ ఎంత పోతోందో కొలిచే ఫ్లో మీటర్‌కి డబ్బులెందుకు, రెండూ ఒకటే కదా అని అడిగారు. ఒకటి కాదండీ. నేనూ అలాగే అనుకుని బెంగళూరు పీణ్యలో నాలుగు రోజుల పని పాడుచేసుకున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది చిన్న ఫ్యాబ్రికేషన్ షాపు. డెయిరీలకి, హోటల్ కిచెన్లకి 304 గ్రేడ్ స్టీల్ పైపుల పని చేస్తాం, వెల్డర్లు ఇద్దరూ హిందూపురం వైపు వాళ్లే. ఒక సోమవారం నుంచి వెల్డ్‌లో పిన్‌హోల్స్ (సూది రంధ్రాలు) రావడం మొదలైంది. బీడ్ (అతుకు గీత) బూడిద రంగుకి తిరుగుతోంది, టార్చ్‌లోని టంగ్‌స్టన్ కడ్డీ మొన నల్లబడుతోంది. గ్యాస్ సరిగ్గా అందట్లేదని ఆ రంగు చూస్తేనే అనుమానం వస్తుంది, కానీ రెగ్యులేటర్ వైపు చూస్తే ముల్లు నిమిషానికి 12 లీటర్ల దగ్గర కదలకుండా నిలబడి ఉంది. ఇంకేం అనుమానిస్తాం? గ్యాసే మంచిది కాదనుకుని సిలిండర్ మార్చాం. అదే వరస. ఇంకొకటి మార్చాం. సిలిండర్లు తెచ్చే అతనితో గట్టిగా గొడవ కూడా పెట్టుకున్నాను, అతని తప్పేమీ లేదు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నాలుగో రోజు పక్క షెడ్డులోని పెద్ద మేస్త్రి వచ్చి చూశారు. జేబులోంచి లోపల చిన్న బాల్, పక్కన అంకెలు ఉన్న వేలెడంత ప్లాస్టిక్ గొట్టం తీసి, నిలువుగా పట్టుకుని, వెల్డింగ్ టార్చ్ నాజిల్‌కి (గ్యాస్ బయటికి వచ్చే మూతికి) పెట్టి గ్యాస్ వదలమన్నారు. లోపలి బాల్ 3 దాటి పైకి లేవలేదు! సిలిండర్ నుంచి టార్చ్‌కి గ్యాస్ తెచ్చే హోస్ వెంట చూసుకుంటూ వెళ్తే పైపు స్టాండ్ కాలు కింద అది నలిగిపోయి ఉంది.

మరి గేజ్ 12 ఎందుకు చూపించింది? రెగ్యులేటర్ పని ప్రెజర్ తగ్గించడం, అంతే. నిండు సిలిండర్‌లో దాదాపు 150 బార్ ఉంటుంది, గ్యాస్ వాడేకొద్దీ అది పడిపోతూ ఉంటుంది. రెగ్యులేటర్ లోపల స్ప్రింగు, డయాఫ్రమ్ (వంగే పల్చటి పొర) కలిసి వాల్వ్‌ని తెరుస్తూ మూస్తూ, అవతలికి మాత్రం మనం నాబ్‌తో పెట్టుకున్న ప్రెజర్‌నే ఇంచుమించు నిలకడగా పంపుతాయి. మొదటి గేజ్ సిలిండర్‌లో మిగిలింది చెబుతుంది, రెండోది అవతలి ప్రెజర్ చెబుతుంది. మా రెండో గేజ్ మీద లీటర్లు అచ్చేసి ఉన్నాయి కానీ నిజానికి అది కొలిచేది ప్రెజరే. దాని తర్వాత ఒక సన్నని రంధ్రం ఉంటుంది, ఇంత ప్రెజర్ ఉంటే ఆ రంధ్రంలోంచి ఇన్ని లీటర్లు పోతాయని లెక్కకట్టి అంకెలు వేస్తారు. అవతల దారి బాగుంటే ఆ లెక్క సరిపోతుంది. హోస్ నలిగితే గ్యాస్ పోవడం తగ్గుతుంది, ప్రెజర్ మాత్రం అలాగే ఉంటుంది, కాబట్టి ముల్లు కూడా అక్కడే ఉంటుంది.

గొట్టంలో బాల్ ఉండే ఫ్లో మీటర్ అలా కాదు. గొట్టం కింద సన్నగా, పైకి వెడల్పుగా ఉంటుంది, పోతున్న గ్యాసే బాల్‌ని ఎత్తి పట్టుకుంటుంది, ప్రవాహం తగ్గితే బాల్ దిగాల్సిందే. కానీ అది ప్రెజర్‌ని నిలకడగా ఉంచలేదు, దాని ముందు రెగ్యులేటర్ ఉండి తీరాలి. 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో ఇళ్లలో పెట్టుకున్న ఆక్సిజన్ సిలిండర్లు గుర్తున్నాయా, పైన గేజ్, పక్కన బాల్ ఉన్న గొట్టం, కింద నీళ్ల సీసా. అందులో ఈ రెండూ కలిపే ఉంటాయి.

అందుకని మీరు రెగ్యులేటర్, ఫ్లో మీటర్ కలిసి వచ్చేదే తీసుకోండి, స్కేలు మీద ఆర్గాన్ అని ఉందో లేదో చూసుకోండి. ఆక్సిజన్ స్కేలు ఉన్నదాంట్లో ఆర్గాన్ పంపితే 10 చూపించినప్పుడు నిజంగా పోయేది 9 దాకానే, ఎందుకంటే ఆర్గాన్ బరువైన గ్యాస్. మీటర్ నిటారుగా ఉండాలి, బాల్ మధ్యభాగం ఏ అంకె దగ్గర ఉందో అదే చూడాలి. మామూలు టిగ్ పనికి 8 నుంచి 10 లీటర్లు చాలు. ఎక్కువ వదిలితే ఇంకా మంచిదని మా వాళ్లు 20 పెట్టేవాళ్లు, అంత వేగానికి సుడి లేచి బయటి గాలినే లోపలికి లాగుతుంది, పైగా దాదాపు 7 క్యూబిక్ మీటర్ల సిలిండర్ 10 లీటర్ల లెక్కన ఆగకుండా వాడితే పదకొండున్నర గంటలు వచ్చేది, అందులో సగానికే ఖాళీ అవుతుంది.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, సిలిండర్ దగ్గరి మీటర్ తర్వాత హోస్‌లో ఎక్కడైనా లీకుంటే ఆ బాల్ కూడా పైనే ఉంటుంది, గ్యాస్ మాత్రం నాజిల్ దాకా రాదు. సబ్బు నీళ్లు రాసి జాయింట్లు చూసుకోండి, మేస్త్రి దగ్గర ఉన్నలాంటి చేతి గొట్టం ఒకటి కొనిపెట్టుకోండి. మేం ఇప్పుడు రోజూ పొద్దున మొదటి వెల్డ్‌కి ముందు దాన్ని నాజిల్‌కి పెట్టి చూశాకే పని మొదలుపెడుతున్నాం.