డీఅడిక్షన్ సెంటర్‌లో చేరే ముందు ఒక తెల్లకాగితం

"మేమిద్దరం అబ్బాయిలం, బెంగళూరులో కలిసి ఉంటున్నాం. తనది చిత్తూరు. తాగుడు మానడానికి సెంటర్‌లో చేరితే వాళ్ళింట్లో మా సంగతి తెలిసిపోతుందా?" అని ఒకరు అడిగారు.

అది డాక్టరు మంచితనం కన్నా ఒక తెల్లకాగితం మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోకి తాగుడు, మత్తుమందుల సమస్యలూ వస్తాయి. తన తరఫున మాట్లాడే మనిషిని, అంటే నామినేటెడ్ రిప్రజెంటేటివ్‌ను, రోగే రాసుకోవచ్చు (సెక్షన్ 14). రాయలేదంటే ఆ స్థానం ముందుగా బంధువులకే పోతుంది. వివరాలు బయటపెట్టకూడదని సెక్షన్ 23 అంటుంది గానీ, ఈ ప్రతినిధికి చెప్పొచ్చు. చిక్కంతా ఇక్కడే. మత్తులో లేనప్పుడు మామూలు కాగితం మీద మీ పేరు రాసి సంతకం పెట్టమనండి, ఒప్పుకుంటున్నానని మీరూ రాసివ్వండి. స్టాంపు పేపరు అక్కర్లేదు. తనంతట తనే చేరితే (సెక్షన్ 86) ఇంటివాళ్ళ సంతకం అడగడానికి వీల్లేదు.

నన్నడిగితే ఇంట్లో తెలియడం కన్నా పెద్ద ప్రమాదం పండగ బస్సు. రోజూ తాగే మనిషి సంక్రాంతికి ఊరెళ్తాడు, అమ్మానాన్నల ముందు చుక్క ముట్టడు. ఆరేడు గంటలకే చేతుల్లో వణుకు, ఒళ్ళంతా చెమటలు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజో మూడో రోజో గోడమీద పురుగులు పాకుతున్నాయంటాడు, ఎక్కడున్నాడో తెలియదు. గాలి సోకిందని తాయెత్తు కడతారు. అది తాగుడు ఒక్కసారిగా ఆపితే వచ్చే డెలిరియం ట్రెమెన్స్, ప్రాణం తీస్తుంది. నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి ఆఖరిసారి ఎప్పుడు, ఎంత తాగాడో చెప్పాలి. గ్లూకోజ్ ఎక్కిస్తుంటే థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ వేశారా అని అడగండి. అది వేయకపోతే మెదడు దెబ్బతినవచ్చు. వణుక్కి క్లోర్‌డయాజెపాక్సైడ్ ఇస్తారు, లివర్ పాడైతే లోరాజెపామ్. అందుకే మానేది ఊళ్ళో కాదు, బెంగళూరు మానసిక ఆస్పత్రి నిమ్హాన్స్ లాంటి చోట, డాక్టరు కళ్ళముందు.

"తెలియకుండా కూరలో కలపండి" అనే పొడుల జోలికి అసలు పోకండి. అందులో డైసల్ఫిరామ్ (ఒంట్లో ఉండగా తాగితే వికటించే మందు) ఉంటే, తెలియక తాగినవాడికి బీపీ పడిపోతుంది. ఆపేశాక కూడా రెండు వారాల దాకా ఆ ప్రభావం ఉంటుంది. ఎంత ప్రేమతో కలిపినా అది విషప్రయోగమే.

హెచ్ఐవీ మందులు వాడుతుంటే చేరేటప్పుడే చెప్పాలి. సామాన్లు తీసేసుకునే సెంటర్లలో ఆ సీసా కూడా లాకర్లోకి పోతుంది. డోలుటెగ్రావిర్ ఉన్న మాత్రను మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందుకు రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో వేసుకోవాలి. ట్రాన్స్ అమ్మాయిలైతే ఏ వార్డులో పడుకోబెడతారో ఫోన్‌లోనే తేల్చుకోండి. వెళ్ళాక తేలదు.

కౌన్సెలింగ్ తెలుగులో చేస్తారా అన్నదీ ముందే అడగండి. ఇంగ్లీషులో "ఐయామ్ గే" అని తేలిగ్గా అనేసే కుర్రాడు తెలుగులో నోరు విప్పలేడు. దానికి తెలుగులో వాడికి తెలిసిన మాటలన్నీ తిట్లే. అయినా నాన్న కొట్టిన సంగతి మాత్రం తెలుగులోనే బయటికొస్తుంది. "తాగుడుతోపాటు అదీ మార్చేస్తాం" అనే చోట చేరొద్దు. ఇలా మార్చేస్తామనే కన్వర్షన్ థెరపీ చేస్తే వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే చెప్పింది. ఈలోపు ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగు కూడా ఉంది.