యాప్ సంగతి తర్వాత, ముందు మీ ఆయనకు చెప్పండి

"మా బిడ్డ తొమ్మిదో తరగతి. ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవడో అమ్మాయి పేరుతో పరిచయమై ఫొటోలు అడిగితే, మామూలువే రెండు మూడు పంపిందట. వాటిని అసభ్యంగా మార్ఫింగ్ చేసి అందరికీ పంపిస్తానని, మీ నాన్నకు చెప్తానని బెదిరించి పైసలు అడిగాడు. నా ఫోన్‌పే నుంచి రెండు వేలు పంపింది. బ్యాంకు మెసేజ్ చూసి నిలదీస్తే ఏడ్చుకుంటూ చెప్పింది. పది రోజుల కింద అకౌంట్ డిలీట్ చేయించాను. నాన్నకు చెప్పనని నా మీద ఒట్టు వేయించుకున్నాను. మా ఆయన మిర్యాలగూడలో రైస్‌మిల్లు గుమస్తా. చెయ్యి చేసుకునే మనిషి కాదు కానీ ఇజ్జత్ అంటే ప్రాణం. ఇదివరకు నా చిట్టీ పైసలు మునిగినప్పుడు కూడా ఆయనకు తెలియనివ్వలేదు. బావగారి కుటుంబం పక్క వాటాలోనే ఉంటుంది. తెలిస్తే బిడ్డ చదువు ఆపేస్తారు. దానికి తెలియకుండా దాని ఫోన్‌లో ఉన్నవన్నీ నాకు కనపడే యాప్ ఏదైనా చెప్పండి. లేదంటే హాస్టల్‌లో వేయమంటారా?"
– ఒక తల్లి, నల్లగొండ జిల్లా

అమ్మా, యాప్ పేరు చెప్పను. దొంగచాటుగా అన్నీ చూపిస్తామనే యాప్‌లు చాలావరకు ప్లేస్టోర్ బయట దొరికేవి. వాటిని వేసుకోవడమంటే మీ బిడ్డ ఫొటోలు, మాటలు ముక్కూ మొహం తెలియని ఇంకొకడి చేతిలో పెట్టడమే. ఒకడితో పడుతున్నది చాలదా? హాస్టల్ అసలే వద్దు. తప్పు చేశానని ఇంట్లోంచి పంపించేశారనుకుంటుంది.

నాకు మీ ఉత్తరంలో భయం వేసింది ఆ ఒట్టు దగ్గర. బెదిరించేవాడి చేతిలో ఏముంది? రెండు మూడు మామూలు ఫొటోలు, "మీ నాన్నకు చెప్తా" అనే ఒక్క మాట. ఆ మాటకే మీ బిడ్డ రెండు వేలు కట్టింది. నాన్నకు తెలియకూడదని ఇప్పుడు మీరూ తేల్చేశారు. రేపు వాడు ఇంకో పేరుతో వచ్చి ఐదు వేలు అడిగితే ఏం చేస్తారు? తల్లీబిడ్డలు ఇద్దరూ కలిసి కడతారు. అంతకంటే ఏం కావాలి వాడికి?

చిట్టీ సంగతి మీరు మాటవరసకు రాశారు. నాకు మాత్రం అసలు కథ అక్కడే కనపడింది. అమ్మ కష్టం వస్తే నాన్నకు తెలియకుండా సర్దుకుంటుందని ఆ పిల్ల చిన్నప్పటి నుంచి చూస్తోంది. తనకు కష్టం వస్తే అదే చేసింది. మీరు కాపలా పెట్టాల్సింది బిడ్డ ఫోన్‌కు కాదు. మీ ఆలుమగల మధ్య మాట సరిగ్గా లేదు, ముందు దాన్ని చూసుకోండి. ఆయన ఏమంటారో, ఏం చేస్తారో అన్నీ ఆయన బదులు మీరే ఊహించేసుకుని తీర్పు కూడా చెప్పేశారు. పెళ్లయి ఇన్నేళ్లయినా ఒక్క పెద్ద కష్టం కూడా చెప్పుకోలేనంత దూరంలో ఆయన్ను ఉంచింది మీరా, ఆయనా? ఇద్దరూ అనే నా అనుమానం.

ఇక ఇజ్జత్. బట్టలు సరిగ్గా కట్టుకుని దిగిన ఫొటో ఎవరికో పంపితే పోయే ఇజ్జత్ ఏమిటో నాకు అర్థం కాదు. పెళ్లిళ్లలో అవే ఫొటోలు చుట్టాలందరూ స్టేటస్‌లు పెట్టుకోవడం లేదా?

చెప్పే ముందు బిడ్డ దగ్గర కూర్చుని, "ఒట్టు వేయించుకోవడం నాదే తప్పు, నాన్నకు చెప్తున్నా, నువ్వు నా పక్కన ఉండు" అనండి. ఆమెకు తెలియకుండా మాత్రం చెప్పకండి. ఆయనతో "మన బిడ్డ ఇలా చేసింది" అని మొదలుపెట్టొద్దు. "మన బిడ్డను ఒకడు బెదిరిస్తున్నాడు" అనండి, జరిగింది కూడా అదే. కోపం వస్తుంది, రానివ్వండి. కానీ చదువు మాన్పించే మాట వస్తే మీరు తల దించుకుని వినకూడదు. బెదిరించినవాడు హాయిగా తిరుగుతుంటే బిడ్డ బడి మానేయడమేమిటని ఆయన మొహం మీదే అడగండి. ఆ ఒక్క చోట మీరు గట్టిగా ఉండకపోతే మిగతా సలహాలన్నీ దండగ.

అకౌంట్ డిలీట్ చేయించి తొందరపడ్డారు. ఇన్‌స్టాగ్రామ్‌లో డిలీట్ కొట్టిన 30 రోజుల లోపు మళ్లీ లాగిన్ అయితే అకౌంట్ తిరిగి వస్తుంది. వాడి పేరు, చాట్, బెదిరింపులు స్క్రీన్‌షాట్ తీయండి. ఫోన్‌పేలో ఆ రెండు వేల తాలూకు లావాదేవీ నంబరు ఉంటుంది, అది రాసుకోండి. ఆ తర్వాతే బ్లాక్ చేయాలి. జవాబివ్వొద్దు, ఇంకో రూపాయి పంపొద్దు. డబ్బు పోయింది కాబట్టి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, కేంద్ర ప్రభుత్వ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా ఉంది.

పోలీసులంటే మీకున్న భయం తెలుసు. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం కింద పిల్లలను ఇలా బెదిరించడం లైంగిక వేధింపు, మూడేళ్ల వరకు జైలు. ఫొటో నిజమైనదైనా, తయారు చేసిందైనా ఒకటే. పిల్ల చెప్పేది ఆమె ఇంట్లో గానీ, ఆమె కోరిన చోట గానీ రాసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సైకి తగ్గని మహిళా అధికారి రావాలి, అదీ యూనిఫాం లేకుండా. అమ్మానాన్నలు పక్కనే ఉండొచ్చు. పేరు పేపర్లో రాకూడదు. స్టేషన్ గడప తొక్కడం ఇష్టం లేకపోతే నల్లగొండలో భరోసా కేంద్రం ఉంది, వేధింపులు ఎదుర్కొన్న ఆడవాళ్లు, పిల్లల కోసమే పెట్టింది.

ఫోన్ లాక్కోవద్దు. పిల్లల ఫోన్ మీద పెద్దలు కన్నేసి ఉంచే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్ ఆమె ముందే, ఆమెతో కలిసి పెట్టండి. మెసేజ్‌లు చూపించదు కానీ కొత్త యాప్ వేయాలంటే మీ అనుమతి కావాలి, వాడే సమయానికి హద్దు పెట్టొచ్చు. ఇన్‌స్టాగ్రామ్‌లో పుట్టిన సంవత్సరం ఏం వేసిందో చూడండి. వయసు ఎక్కువ వేసి ఉంటే పిల్లల కోసం పెట్టిన కట్టడులేవీ పనిచేయవు. మీ ఫోన్‌పే పిన్ కూడా మార్చండి, అది ఆమెకు తెలియాల్సిన పని లేదు.

ఆయన వారం సెలవు దాకా ఆగకండి, 30 రోజుల్లో పది అప్పుడే పోయాయి. నల్లగొండకు ముగ్గురూ కలిసి వెళ్లండి. బావగారు ఎక్కడికని అడిగితే పని మీదనండి. మొగుడి దగ్గర దాచొద్దన్నాను కానీ, వాడకట్టంతా చెప్పమనలేదు.